దోర్దోన్ లోయ: ఎదురెదురు గట్ల కోటలు, వాటిని మోస్తున్న కొండచరియలు

ఫ్రాన్స్ నైరుతి భాగంలో, బోర్దో నగరానికి తూర్పున ఉన్న దోర్దోన్ జిల్లాను అక్కడి పర్యాటక ప్రచారం ‘వెయ్యిన్నొక్క కోటల సీమ’ అని చెప్పుకుంటుంది. ఆ లెక్కలో సైన్యాలు ముట్టడించిన దుర్గాలతో పాటు పల్లెటూరి భూస్వాముల భవంతులు కూడా కలిసిపోయి ఉంటాయి. ఆ అంకెను నమ్ముకుని వరుసబెట్టి చూసుకుంటూ పోతే, కొన్ని కోటలు దాటేసరికి ఒక కవచానికీ మరో కవచానికీ, ఒక మెలికల మెట్లదారికీ మరో మెట్లదారికీ తేడా తెలియకుండా పోతుంది. నేను సిఫారసు చేసే పద్ధతి వేరు. ఒక పూట కోటలకు, ఒక పూట ప్రకృతికి అని పంచిపెట్టకుండా, నదినీ, అది కోసిన సున్నపురాతి చరియనూ, ఆ చరియ అంచున లేచిన గోడనూ కలిపి చూడాలి. అలా చూడటం మొదలుపెట్టిన వారికి ఏ కోటకు తప్పక వెళ్లాలో, దేనిని వదిలేసినా నష్టం లేదో పెద్దగా ఆలోచించకుండానే తేలిపోతుంది.

ఫ్రాన్స్ మధ్య భాగపు కొండల్లో పుట్టిన దోర్దోన్ నది 480 కిలోమీటర్లకు పైగా ప్రవహించి గరోన్ నదితో కలుస్తుంది. సార్లా పట్టణానికి దక్షిణంగా అది పెద్ద పెద్ద వంపులు తిరుగుతూ సాగుతుంది. ప్రతి వంపులోనూ ఒక గట్టున నీరు రాతిని కోసి నిలువు చరియగా మిగిల్చింది, ఎదుటి గట్టున ఒండ్రు పరిచి పొలాలు చేసింది. ఇనుము కలిసిన ఈ సున్నపురాయికి తేనె రంగు ఉంటుంది. కోట గోడలకు వాడింది కూడా ఈ ప్రాంతపు రాయే కనుక, దూరం నుంచి చూస్తే కొండ ఎక్కడ ముగిసిందో గోడ ఎక్కడ మొదలైందో పోల్చుకోవడం కష్టం. ఇంతగా కోటలు లేవడానికి కారణం మాత్రం రాజకీయం. ఈ ప్రాంతం కూడా కలిసి ఉన్న అక్విటేన్ సీమకు వారసురాలైన ఎలియనోర్ 1152లో హెన్రీని వివాహమాడింది, అతడు 1154లో ఇంగ్లండు రాజయ్యాడు. దాంతో ఈ నేల మీద ఇద్దరు రాజుల హక్కుల తగాదా మొదలైంది. 1337లో ఆరంభమైన నూరేళ్ల యుద్ధంలో ఈ నది చాలా కాలం ఇరుపక్షాల మధ్య సరిహద్దులాగా ఉండిపోయింది. ఆ యుద్ధానికి ముగింపుగా చెప్పే 1453 నాటి కాస్తియోన్ పోరు జరిగింది కూడా ఈ నది ఒడ్డునే, బాగా దిగువన.

ఆ సరిహద్దు కంటికి కనిపించే చోటు బెనాక్. కుడిగట్టున, నదికి సుమారు 150 మీటర్ల ఎత్తున, కింద ఊరు ఒదిగి ఉండగా ఈ కోట నిలబడి ఉంటుంది. నది వైపు నుంచి ఎవరూ ఎక్కలేరు కనుక ఆ వైపు గోడకు కాపలా అవసరమే పెద్దగా లేదు. కట్టినవారి శ్రద్ధంతా వెనుక పీఠభూమి వైపు పోయింది. కందకాలూ, జంట ప్రాకారాలూ, కట్టుదిట్టమైన ద్వారాలూ అన్నీ అటే ఉన్నాయి. చాలామంది సందర్శకులు లోపలికి అడుగుపెట్టగానే నది కనిపించే పైకప్పు కోసం పరుగెత్తుతారు. నా సలహా ఏమిటంటే, ముందుగా ఆ ప్రాకారాల మధ్య కాసేపు తిరగండి. శత్రువు ఏ దారిన వస్తాడని వీళ్లు భయపడ్డారో ఆ కందకాల దగ్గర నిలబడితే తెలిసినంతగా ఏ ఆడియో గైడు చెప్పినా తెలియదు.

12వ శతాబ్దం చివర సింహహృదయుడని పేరు పొందిన ఇంగ్లండు రాజు రిచర్డ్ ఈ కోటను తన కిరాయి సేనాని మెర్కాడియే చేతిలో పెట్టాడు. 1199లో రిచర్డ్, మరుసటి ఏడాది మెర్కాడియే చనిపోయాక కోట మళ్లీ బెనాక్ వంశీయులకు చేరింది. 1214లో, దక్షిణ ఫ్రాన్స్‌లోని మతభేదుల మీద దండయాత్ర నడిపిన సిమోన్ ద మోంఫోర్ వచ్చి దీని రక్షణలను పడగొట్టించాడు. ఇన్ని చేతులు మారిన తరువాత కూడా లోపలి గదులు ఇంకా 13వ శతాబ్దపు కఠినత్వాన్నే చూపిస్తాయి. గోడలు మోటుగా ఉంటాయి, వెలుతురు తక్కువ, సామాను ఇంకా తక్కువ. పెరిగోర్ సీమలోని (ఈ ప్రాంతపు పాత పేరు అది) నాలుగు పెద్ద బారన్ వంశాల వారు సమావేశమైన హాలు, దాని పక్కనే 15వ శతాబ్దపు కుడ్యచిత్రాలున్న చిన్న ప్రార్థన గది, ఈ రెండే కాస్త అలంకారం కనిపించే చోట్లు. ఇక్కడ సరంజామా లేకపోవడాన్ని కొందరు లోటుగా భావిస్తారు. నా దృష్టిలో ఇదే ఈ కోటకున్న పెద్ద ఆస్తి. కొత్త కుర్చీలు, మైనపు బొమ్మలు పెట్టి నింపకుండా వదిలేయడం వల్ల రాతి మందం, పొగ గొట్టాల వెడల్పు, కిటికీల ఇరుకు చూసి ఆ కాలపు చలిని ఊహించుకోగలుగుతాం. ఊరి నుంచి కోటకు పోయే నడకదారి నిటారుగా ఉంటుంది, గులకరాళ్లు పరిచినది. వాన పడితే జారుతుంది. నడవలేనివారు కారులో చుట్టు తిరిగి పీఠభూమి వైపు చేరుకోవడం మంచిది.

బెనాక్ పైకప్పు నుంచి దక్షిణానికి చూస్తే, మూడు కిలోమీటర్ల దూరం కూడా లేకుండా, ఎడమగట్టున కాస్తెల్నో కోట కనిపిస్తుంది. నూరేళ్ల యుద్ధంలో బెనాక్ ఫ్రెంచి రాజు పక్షాన నిలవగా, కాస్తెల్నో ఎక్కువ కాలం ఆంగ్లేయుల పక్షాన ఉండి పదే పదే చేతులు మారి చివరికి 1442లో ఫ్రెంచివారి వశమైంది. ఒక కోట పొయ్యిలో పొగ లేస్తే రెండో కోటకు కనిపించేంత దగ్గరలో రెండు శత్రుస్థావరాలు తరాల తరబడి బతికాయి. ఈ సంగతి చరిత్ర గ్రంథంలో ఒక వాక్యం, పైకప్పు మీద నిలబడినప్పుడు మాత్రం దూరం కళ్లముందే ఉంటుంది. అందుకే ఈ రెండింటిలో ఒకటి చాలునని ఎవరైనా చెబితే నేను ఒప్పుకోను. టికెట్టు డబ్బులు మిగుల్చుకోవాలంటే తక్కిన కోటలలో దేనినైనా వదులుకోండి, ఈ జంటను విడదీయకండి.

కాస్తెల్నోలో అనుభవం పూర్తిగా వేరు. ఫ్రెంచి విప్లవం తరువాత పాడుబడి, ఊరివాళ్లు రాళ్లు తవ్వుకుపోయే గనిగా మారిన ఈ కోటను 1966లో రక్షిత కట్టడంగా గుర్తించి మరమ్మతు చేశారు. 1985 నుంచి ఇందులో మధ్యయుగపు యుద్ధకళల మ్యూజియం నడుస్తోంది. కత్తులూ, విల్లంబులూ, కవచాలూ ఏ మ్యూజియంలోనైనా ఉంటాయి. ఇక్కడ అసలు చూడవలసినవి బురుజుల మీద ఆరుబయట నిలబెట్టిన రాళ్లు విసిరే యంత్రాలు. ట్రెబుషే అనే ఈ యంత్రం పొడవాటి దూలానికి ఒక కొసన టన్నుల కొద్దీ బరువున్న పెట్టె వేలాడుతుంది, రెండో కొసన వడిసెల ఉంటుంది. బరువు కిందికి పడే వేగంతో వడిసెలలోని రాయి పైకి లేచి గోడ మీదికి దూసుకుపోతుంది. నిజమైన కొలతలతో చేసిన యంత్రం పక్కన నిలబడి, నదికి ఆవల ఉన్న బెనాక్ వైపు చూస్తే, ఎత్తైన చరియ మీద ఉన్నవాడికి ఇది ఎందుకు అంత భయం పుట్టించలేదో, చదును నేల వైపు గోడ ఉన్నవాడికి ఎందుకు నిద్ర పట్టనివ్వలేదో ఒకేసారి బోధపడుతుంది. ఫిరంగులు వచ్చాక లెక్కలు మారిపోయాయి. 1520 నాటికి పూర్తయిన గుండ్రని ఫిరంగి బురుజు ఆ మార్పుకు సాక్ష్యం. పలక గోడ కన్నా గుండ్రని గోడ గుండు దెబ్బకు బాగా తట్టుకుంటుందని అప్పటికి అందరూ నేర్చుకున్నారు. పిల్లలతో వెళ్లేవారికి రెండింటిలో ఇదే మేలైన కోట. వేసవిలో యంత్రాలను నడిపి చూపిస్తారు కూడా. కాకపోతే జులై, ఆగస్టు మధ్యాహ్నాల్లో ఇరుకు మెట్ల మీద ఎక్కేవారూ దిగేవారూ ఎదురుపడి చాలాసేపు నిలబడిపోవలసి వస్తుంది. వీలుంటే ఆ రెండు నెలలను తప్పించడం తెలివైన పని.

రెండు కోటలూ ఎక్కిన తరువాత నదిలోకి దిగాలి. వసంతం నుంచి సెప్టెంబరు దాకా ఒడ్డు పొడవునా కనూ పడవలు అద్దెకిచ్చే సంస్థలు చాలానే ఉంటాయి. ఎగువన ఎక్కించి, దిగువన దిగాక వ్యానులో వెనక్కి తీసుకురావడం వాటి పద్ధతి. దోమ్ కొండ కింద ఉన్న సెనాక్ నుంచి బెనాక్ వరకు దాదాపు 9 కిలోమీటర్ల దూరం, తెడ్డు వేయడం బొత్తిగా రానివారికి కూడా సరిపోతుంది. మామూలు రోజుల్లో ప్రవాహం నెమ్మదిగా ఉంటుంది, చాలాచోట్ల నది అడుగున గులకరాళ్లు కనిపించేంత తేటగా, లోతు తక్కువగా పారుతుంది. ముందు లా రోక్ గజాక్ ఊరి చరియ, తరువాత మార్కేసాక్ కొండ, ఆపైన ఎడమవైపు కాస్తెల్నో, చివరగా కుడివైపు బెనాక్ వరుసగా ఎదురవుతాయి. పైనుంచి చూసినప్పుడు పటంలాగా కనిపించిన భూమి నీటి మీది నుంచి చూసేసరికి తలమీద పడేటట్టు ఉంటుంది. కింద నుంచి వచ్చే పడవవాడికి ఈ గోడలు ఎలా కనిపించి ఉంటాయో ఇక్కడే అర్థమవుతుంది. 2012లో యునెస్కో ఈ నదీ పరీవాహక ప్రాంతాన్ని జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తించింది. ఉదయాన్నే బయలుదేరితే కొంగలూ, నీలి మెరుపులా దాటిపోయే లకుముకి పిట్టలూ కనబడే అవకాశం ఎక్కువ. పదకొండు దాటాక నది మీద ప్లాస్టిక్ పడవల ఊరేగింపు మొదలవుతుంది, పక్షులు తమ దారి తాము చూసుకుంటాయి.

ఈ ప్రయాణం నడుమ ఒక వింత కూడా తగులుతుంది. బెనాక్ ఊరి ఇరుకు రోడ్డు మీద రద్దీ తగ్గించడానికని నది మీదుగా వంతెనలతో ఒక చుట్టుదారి వేయడం మొదలుపెట్టగా, 2018 చివర ఫ్రాన్స్ అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం పనులు ఆపించింది. కట్టినంత మేరకు పడగొట్టి పూర్వస్థితికి తేవాలని 2019లో కోర్టులు తీర్పునిచ్చాయి. ఆ తరువాత కూడా ఏళ్ల తరబడి స్తంభాలు నదిలో మోడుల్లా మిగిలిపోయాయి. కోటల మధ్య కాంక్రీటు వద్దని పోరాడినవారి మాటా న్యాయమే, వేసవిలో కిటికీ కిందే లారీలు ఆగిపోతే ఊపిరాడక బాధపడే ఊరివారి మాటా న్యాయమే. సందర్శకులమైన మనం ఆ రద్దీలో భాగమని గుర్తుంచుకుంటే చాలు.

లా రోక్ గజాక్‌ను చూడటానికి ఎక్కువ సమయం పట్టదు. చరియకూ నదికీ నడుమ ఒకే వీధిగా పరుచుకున్న ఊరు అది. 1957 జనవరిలో పైనుంచి రాతి ముక్క విరిగిపడి ముగ్గురు మరణించారు, ఇళ్లు ధ్వంసమయ్యాయి. ఆ మచ్చ చరియ మీద ఇప్పటికీ లేత రంగులో కనిపిస్తుంది. గబార్ అనే చదునైన అడుగున్న పడవలు ఇక్కడి నుంచే గంటసేపు తిప్పి తీసుకొస్తాయి. ఒకప్పుడు ఇటువంటి పడవల్లోనే ఎగువ అడవుల కలప పీపాల తయారీకి దిగువకు పోయేది. తెడ్డు వేయలేనివారికి ఇది మంచి ప్రత్యామ్నాయం, వేయగలవారికి అవసరం లేదు.

మార్కేసాక్‌లో కోట నామమాత్రం, తోటే ప్రధానం. 1860లలో రూపుదిద్దుకున్న ఈ తోటలో లక్షా యాభై వేల బాక్స్‌వుడ్ పొదలను చేత్తోనే కత్తిరించి గుండ్రని అలల్లా తీర్చిదిద్దుతారు. సాధారణంగా కత్తిరించిన తోటలంటే నాకు అంత ఇష్టం ఉండదు గానీ, ఇక్కడ ఆ పొదల గుండ్రదనం కింది నది వంపులకు సరిపోయినందువల్ల కృత్రిమంగా అనిపించలేదు. కొండ చివరన, నదికి 130 మీటర్ల ఎత్తున ఉన్న అరుగు మీది నుంచి ఇందాక చెప్పిన కోటలూ ఊళ్లూ అన్నీ ఒకేచోట కనిపిస్తాయి. 1997 నుంచి ప్రజలకు తెరిచిన ఈ తోటలో జులై, ఆగస్టు గురువారం రాత్రుల్లో దీపాలు వెలిగిస్తారు. నడవటానికి చదునైన దారులు ఎక్కువగా ఉన్నది కూడా ఇక్కడే.

మిలాంద్ కోటను ఎందుకు చూడాలన్న ప్రశ్నకు జవాబు యుద్ధాల్లో దొరకదు. 1489లో నివాస భవనంగా కట్టిన ఈ కోటను అమెరికాలో పుట్టి ఫ్రెంచి పౌరసత్వం తీసుకున్న నర్తకి, గాయని జోసెఫిన్ బేకర్ 1947లో కొనుక్కున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి ప్రతిఘటనోద్యమానికి సాయపడిన ఆమె, వేర్వేరు దేశాల నుంచి పన్నెండు మంది పిల్లలను దత్తత తీసుకుని ఇక్కడ పెంచారు. అప్పుల వల్ల 1960ల చివర ఈ ఇల్లు ఆమె చేజారిపోయింది. 2021 నవంబరులో ఫ్రాన్స్ ఆమెకు జాతి ప్రముఖుల స్మారక మందిరమైన పాంథియోన్‌లో స్థానమిచ్చి గౌరవించింది. ఆమె దుస్తులూ, ఫొటోలూ ఉన్న గదులు నిజంగా కదిలిస్తాయి. ఆమె మీద ఆసక్తి లేనివారు మాత్రం డేగల ప్రదర్శన ఒక్కదాని కోసం ఇంత దూరం రానక్కర లేదు.

ఉత్తరాన పక్క లోయలో పారే వెజేర్ నది కథను ఇంకా వెనక్కి తీసుకుపోతుంది. మంచుకూ తేమకూ చరియ అడుగు భాగం కొరుక్కుపోయి ఏర్పడిన రాతి చూరుల కింద కోటలకు వేల ఏళ్ల ముందే మనుషులు కాపురాలున్నారు. ఐరోపాలోని తొలి ఆధునిక మానవులకు గుర్తుగా చెప్పే క్రో మాన్యోన్ మానవుడి అవశేషాలు 1868లో బయటపడింది ఇక్కడి లెజేజీ ఊళ్లోనే. 1940 సెప్టెంబరు 12న కొందరు కుర్రవాళ్లు కనుగొన్న, ప్రాచీన మానవులు గీసిన బొమ్మలున్న లాస్కో గుహను 1948లో జనానికి తెరిచారు. సందర్శకుల ఊపిరి వల్ల పెరిగిన బొగ్గుపులుసు వాయువు, తేమ, నాచు చిత్రాలను పాడుచేస్తుండటంతో 1963లో మూసేశారు. 2016 డిసెంబరులో మోంతినాక్‌లో తెరిచిన లాస్కో 4 ఆ గుహకు పూర్తి నకలు. నకలు కోసం టికెట్టు కొనడమా అని సందేహించే వారున్నారు. ఐదు మీటర్లకు మించిన ఎద్దు బొమ్మ రాతి ఉబ్బును ఆసరా చేసుకుని ఎలా ముందుకు దూకుతుందో చూశాక ఆ సందేహం చాలావరకు తీరుతుంది. అయితే గైడు గుంపులను గడియారం ప్రకారం కదిలిస్తాడు, నచ్చిన బొమ్మ దగ్గర ఆగిపోయే వీలుండదు. అసలు చిత్రాలే చూడాలనుకునేవారు లెజేజీ దగ్గరి ఫోన్ ద గోమ్ గుహకు ప్రయత్నించాలి. 1901లో చిత్రాలు వెలుగులోకి వచ్చిన ఆ గుహలోకి రోజుకు చాలా కొద్దిమందినే అనుమతిస్తారు కాబట్టి ముందుగా స్థలం దొరకబుచ్చుకోకుండా బయలుదేరవద్దు.

ఈ రెండు కాలాలూ కలిసే చోటు కొమార్క్. బున్ వాగు లోయలో, కారు దిగి అడవి దారిన కొంత నడిస్తేనే చేరగలిగే శిథిల దుర్గం అది. పైన మధ్యయుగపు బురుజు, దాని కింద రాతిని తొలిచి చేసిన గదులు, ఇంకా కింద ప్రాచీన మానవుడు గుర్రాన్ని చెక్కిన గుహ. ఆ గుహలోకి సందర్శకులను పోనివ్వరు. అయినా ఒకే చరియను ఇన్ని యుగాల వారు ఒకరి నెత్తిన ఒకరు వాడుకున్న తీరు ఇంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు. బెనాక్, కాస్తెల్నోల తరువాత మూడో కోటకు సమయముంటే నా ఓటు దీనికే. జనం తక్కువ, బురుజు మీది నుంచి కనిపించేదంతా అడవి, చిత్తడి నేల, ఎదుటి చరియ మీద లోసెల్ కోట.

తూర్పున ‘లో’ అనే పేరున్న జిల్లాలోని పదిరాక్ అగాధం సార్లా నుంచి గంటకు పైగా ప్రయాణం. నేల మీద ఉన్నట్టుండి 35 మీటర్ల వెడల్పున నోరు తెరిచిన గొయ్యి అది. సున్నపురాతిని నీరు కరిగించగా ఏర్పడిన గుహ కప్పు కూలిపోవడం వల్ల ఏర్పడింది. 1889లో గుహాన్వేషకుడు ఎదువార్ అల్ఫ్రెద్ మార్తెల్ దీనిలోకి దిగి, అడుగున పారుతున్న నదిని కనుగొన్నాడు. ఇప్పుడు మెట్లూ లిఫ్టులూ ఉన్నాయి. 103 మీటర్ల లోతున పడవ ఎక్కించి చీకటి నీటి మీద తీసుకువెళ్లి, 94 మీటర్ల ఎత్తున్న రాతి గోపురం కింద నడిపిస్తారు. ఏ కాలంలోనైనా లోపల 13 డిగ్రీలే ఉంటుంది, పైనుంచి చుక్కలు పడుతుంటాయి, స్వెటరు లేకుండా దిగినవారు ఆ గోపురాన్ని చూసే ఓపిక లేక వణుకుతూ నిలబడతారు. సమయం ముందే నిర్ణయించుకుని ఆన్‌లైన్‌లో టికెట్టు కొనకపోతే వేసవిలో గంటల తరబడి వరుసలో నిలబడాలి. చలికాలంలో మూసి ఉంటుంది.

బస సార్లాలో చేయడం సౌకర్యం. బోర్దో నుంచి రైలు వస్తుంది, రెండున్నర గంటలకు పైగా పడుతుంది. పాత పట్టణంలో బుధ, శనివారాల్లో సంత జరుగుతుంది. అయితే అక్కడి నుంచి కోటలకు బస్సుల సంగతి నమ్ముకోదగినదిగా లేదు. సొంతంగా కారు నడపలేనివారికి ఈ ప్రాంతం సగం మూసిన పుస్తకమే. రోడ్లు ఇరుకు, మలుపులు ఎక్కువ, పటంలో పది కిలోమీటర్లని కనిపించినదానికి అరగంట కేటాయించుకోవాలి. పెద్ద చోట్ల ప్రవేశ రుసుము మనిషికి రెండంకెల యూరోల్లోకి పోతుంది, కనుక నలుగురున్న కుటుంబం కోటల సంఖ్య తగ్గించుకోవడం జేబుకూ మంచిదే. భోజనశాలల్లో బాతు మాంసానిదే రాజ్యం. మాంసం తినని వారికి అక్రోటు పప్పులు చల్లిన సలాడ్లు, గుడ్డట్లు, చీజులతో సరిపెట్టుకోవలసిన పూటలు తప్పవు.

మోకాళ్ల నొప్పులున్నవారితో వెళ్లేటప్పుడు బెనాక్, కాస్తెల్నో, పదిరాక్ మూడింటినీ ఒకే రోజున పెట్టుకోవద్దు. చక్రాల కుర్చీ వాడేవారికి ఈ మూడూ అనుకూలం కావు. వారికి లాస్కో 4, గబార్ పడవ, మార్కేసాక్ తోటలోని చదును దారులు అందుబాటులో ఉంటాయి. టికెట్టు కొనే ముందు ఏ దారి తెరిచి ఉందో ఫోనులో కనుక్కోవడం మాత్రం మరిచిపోకూడదు.